రిటైరయ్యాక ఎక్కడ ఉండాలి? మూడు ఇళ్లు మారినవాడి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. మియాపూర్‌లో మూడో అంతస్తులో సొంత ఫ్లాట్ ఉంది, అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి పుణెలో. చేతికి ఎనభై లక్షల దాకా వస్తాయి. తెనాలి పక్కన సొంతూళ్లో నాన్నగారి ఏడు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకోవాలా, వైజాగ్‌లో ఫ్లాట్ కొనాలా, శంషాబాద్ అవతల పెద్దవాళ్ల కోసమే కడుతున్న సీనియర్ లివింగ్ విల్లాల్లో చేరాలా అని. మీ ఆవిడకి హైదరాబాద్ వదలడం ఇష్టం లేదని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేనైతే ఆ చివరి ముక్క దగ్గరే మొదలుపెడతానండి.

నా సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఈయనెవరు చెప్పడానికి అనుకుంటారు. బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేశాను, పదమూడు బదిలీలు, ఆదోని నుంచి శ్రీకాకుళం దాకా. 2012లో రిటైరయ్యాను. అప్పటి నుంచి మూడు ఇళ్లు మారాం. మొదటిది పూర్తిగా తప్పు, రెండోది తప్పు కాదు కానీ మాది కాదు, మూడోదాంట్లో ఇప్పుడు ఉన్నాం.

మొదటిది ముమ్మిడివరం దగ్గర మా ఊళ్లో కట్టిన ఇల్లు. మీరు ఇప్పుడు కంటున్న కల నేను ఉద్యోగంలో ఉన్న ముప్పై ఏళ్లూ కన్నాను. ముందు అరుగు, వెనక పది కొబ్బరిచెట్లు, పెరట్లో బావి, పొద్దున్నే కాలవ గట్టు మీద నడక. 2013లో 32 లక్షలు పెట్టి కట్టాను. అరుగుకి ఎర్ర సిమెంటు చేయించడానికి కాకినాడ నుంచి మేస్త్రిని పిలిపించాను, అంత పిచ్చి. మొదటి ఏడాది స్వర్గమే. నేను పొద్దున కాఫీ తాగి టీకొట్టు దగ్గరికి వెళితే చిన్నప్పటి స్నేహితులు, పొలాల తగాదాలు, ఎన్నికల కబుర్లు, పదకొండింటికి ఇంటికి. మా ఆవిడ మాత్రం ఆ వేళంతా ఇంట్లోనే. నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది, అది నా ఊరు, ఆవిడది కాదు. ఆవిడ పుట్టింది రాజమండ్రిలో, బతికిందంతా నాతో పాటు టౌన్లలో. ఊళ్లో ఆవిడ ఇప్పటికీ "ఫలానావారి కోడలు"గానే ఉండిపోయింది, వీధిలోకి వెళితే ఎవరింటికి వెళ్లాలన్నా ఒక కారణం ఉండాలి. అరవై దాటిన మనిషికి కొత్త స్నేహాలు అంత తొందరగా కలవవండి.

2016 డిసెంబరులో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి ఆవిడ లేచి కూర్చుంది, పడుకుంటే ఊపిరి అందడం లేదంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే వేరే కేసులో ఉంది, గంట పడుతుందన్నారు. పక్కింటి కుర్రాడు కారు తీశాడు. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం వినండి. ఊళ్లో దొంగతనాలు అవుతున్నాయని గేటుకి రెండు తాళాలు వేసేవాడిని, ఆ కంగారులో రెండో తాళంచెవి దొరకలేదు. ఫ్రిజ్ మీద, దేవుడి గూట్లో, చొక్కా జేబులో, అన్నీ వెతికాను. అది తలుపు వెనక మేకుకే ఉంది, దాని మీద తువ్వాలు వేలాడుతోంది. అయిదారు నిమిషాలే, కానీ కుర్రాడు గేటు అవతల ఇంజిన్ ఆన్ చేసి నిలబడ్డాడు, ఆవిడ అరుగు మీద స్తంభం పట్టుకుని వంగి కూర్చుంది. అరుగుకున్న మూడు మెట్లు దింపడం ఇంకో కథ. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళితే డాక్టరు పొద్దున్నే వస్తారన్నారు. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ చేరేసరికి నాలుగు కావస్తోంది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. తొమ్మిది రోజులు ఉన్నాం, బాగైంది, ఇప్పుడు ఈ రాతలు నా వెనక నిలబడి చదివి "తాళం సంగతి రాయక్కర్లేదు" అంటోంది.

ఆ ఇల్లు అమ్మడానికి రెండేళ్లు పట్టింది. ఊళ్లో స్థలానికి విలువ ఉంటుంది, మీరు ముచ్చటపడి కట్టుకున్న ఇంటికి ఉండదు. కొనేవాడు "స్థలం రేటు చెప్పండి, ఇల్లు ఎలాగూ మాకు నచ్చినట్టు మార్చుకుంటాం" అంటాడు. చివరికి స్థలంతో కలిపి 27కి పోయింది. కాబట్టి మీ ఏడు సెంట్లలో ముప్పై నలభై లక్షలు పోసేముందు, ఆ డబ్బు మళ్లీ వెనక్కి రాదనే లెక్కతోనే ఆలోచించండి.

రెండోది హైదరాబాద్, నల్లగండ్లలో మా అబ్బాయి ఫ్లాట్, పద్నాలుగో అంతస్తు. పద్నాలుగు నెలలు ఉన్నాం. కోడలు మంచిది, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. పొద్దున ఎనిమిదికి అందరూ వెళ్లిపోతే రాత్రి ఎనిమిదికి మళ్లీ మనుషులు. కొత్తిమీర కట్ట కావాలన్నా ఫోన్‌లో ఆర్డర్. రోడ్డు దాటడం నాకు భయం. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

మూడోది కాకినాడ. రామారావుపేటలో ఏడాది అద్దెకి ఉండి చూశాక, 2019లో గాంధీనగర్‌లో లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు కొన్నాం. ఎందుకు కాకినాడ అంటే మాకు సరిపోయింది కాబట్టి, మీకు సరిపోతుందని కాదు. నేల చదును, వీధులు గళ్లు గీసినట్టు తిన్నగా ఉంటాయి, దారి తప్పిపోవడం కష్టం (నవ్వకండి, డెబ్భై దాటాక ఇది పెద్ద సుఖం). మెడికల్ కాలేజీ ఉన్న ఊరు కాబట్టి డాక్టర్లు ఊళ్లోనే కాపురం ఉంటారు. పార్కు నడిచే దూరం, సాయంత్రం ఆడవాళ్ల జట్టు ఒకటి అక్కడ కూర్చుంటుంది, మా ఆవిడ మూడో వారానికే అందులో చేరిపోయింది. రాజమండ్రిలో ఆవిడ చెల్లెలు, గంటన్నర ప్రయాణం. ఇబ్బందులూ ఉన్నాయి. ఉక్క భరించలేం, దోమలు సరేసరి, గట్టి వాన పడితే కొన్ని వీధుల్లో మోకాలు లోతు నీళ్లు, ఇనప గ్రిల్లుకి రెండేళ్లకోసారి రంగు వేయకపోతే ఉప్పు గాలికి తినేస్తుంది, తుపాను అంటే 1996 నవంబరు గుర్తొచ్చి ఇప్పటికీ ఆ రోజు నిద్రపట్టదు. పెద్ద రైళ్లు చాలావాటికి సామర్లకోట వెళ్లాలి. విమానం అంటే రాజమండ్రి మధురపూడి.

ఇప్పుడు అసలు విషయం. ఊరు వెతికేటప్పుడు మనందరం ఇప్పటి మనల్నే ఊహించుకుంటాం, అరవై ఏళ్ల మనిషి, కారు నడుపుతాడు, పక్కన భార్య, ఇద్దరూ కలిసి సాయంత్రం బీచ్‌లో. ఆ రోజులు పదేళ్లు ఉంటాయేమో. ఆ తర్వాత ఇద్దరిలో ఒకరే మిగిలే రోజులు ఉంటాయి, మన ఇళ్లలో భర్తకి వయసు నాలుగైదేళ్లు ఎక్కువ, ఆడవాళ్ల ఆయుష్షు కాస్త ఎక్కువ, కాబట్టి మిగిలేది చాలా ఇళ్లలో ఆవిడే. మీరు చూస్తున్న మూడు చోట్లలో ఎక్కడైతే మీ ఆవిడ ఒక్కతే, కారు లేకుండా, మోకాళ్ల నొప్పులతో, మీరు లేకుండా ఉండగలదో అది ఇల్లు. వినడానికి కటువుగా ఉంటుంది, మా ఇంట్లో నేను ఈ మాట మొదటిసారి అన్నప్పుడు రెండు రోజులు అన్నం సరిగా పెట్టలేదు.

ఊరికే అనడం లేదు. నా సహోద్యోగి ఒకాయన హైదరాబాద్‌కి ముప్పై అయిదు కిలోమీటర్ల అవతల ఒక వెంచర్‌లో విల్లా కట్టుకున్నాడు. మామిడి చెట్లు, పెద్ద వరండా, వెళ్లిన వాళ్లందరం కుళ్లుకున్నాం. 2021లో ఆయన పోయారు. ఆవిడకి కారు రాదు, ఆటో ఎక్కాలంటే మెయిన్ రోడ్డుకి రెండు కిలోమీటర్లు, చుట్టూ ఉన్న ఇళ్ల వాళ్లు శని ఆదివారాలే వస్తారు, వాచ్‌మన్ ఒక్కడే రోజూ కనిపించే మనిషి. కూరగాయలకి వాచ్‌మన్, మందులకి వాచ్‌మన్, కరెంటు పోతే వాచ్‌మన్. అతను సెలవు పెట్టి ఊరెళితే ఆవిడ తలుపేసుకుని లోపలే. ఎనిమిది నెలలకి బతకలేక ఇల్లు అద్దెకిచ్చి, వనస్థలిపురంలో వాళ్ల అక్కగారి వీధిలో రెండు గదుల పోర్షన్‌కి వెళ్లిపోయింది. మొన్న కనిపిస్తే "ఇక్కడ కిటికీ తీస్తే ఎవరో ఒకరు మాట్లాడతారన్నయ్యా" అంది.

ఇప్పుడు మీ మూడింటి సంగతి.

తెనాలి విషయంలో మీరు ఊరికీ హైదరాబాద్‌కీ మధ్య తేల్చుకోలేకపోతున్నారు, మధ్యలో తెనాలి టౌనే ఉంది కదండీ, దాన్ని ఎందుకు వదిలేశారు? మెయిన్ లైన్ మీద స్టేషను, విజయవాడ, గుంటూరు రెండూ దగ్గరే, మంగళగిరి ఎయిమ్స్ కూడా అందుబాటులోనే. రైతుబజారూ నాటకాలూ గుళ్లూ అన్నీ టౌన్లో ఉన్నాయి. మీ ఊరు ఆటోలో అరగంట అని రాశారు, పొలం చూసుకోవడానికి, పండగకి, టీకొట్టు కబుర్లకి వారానికి రెండుసార్లు వెళ్లి రావచ్చు, రాత్రికి మాత్రం టౌన్లో పడుకోండి. ఊళ్లో ఇల్లు తప్పనిసరి అనిపిస్తే ఆ స్థలంలో బాత్రూంతో సహా ఒక పెద్ద గది, ముందు వరండా వేయించండి, ఏడెనిమిది లక్షల్లో మోజు తీరుతుంది. ఒక్కటి చూసుకోండి, మీ ఊరు కృష్ణ కరకట్టకి ఏ వైపు ఉందో రాయలేదు. 2024 సెప్టెంబరు వరదలో లంక గ్రామాలు ఏమయ్యాయో చూశాం, అదే వారం విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అపార్ట్‌మెంటు చూసేటప్పుడు బ్రోకర్‌ని అడక్కండి, ఆ వీధి చివర ఇస్త్రీబండి అతన్ని అడగండి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద వేలు పెట్టి చూపిస్తాడు.

వైజాగ్ మంచి ఊరు, ఆసుపత్రుల విషయంలో ఆంధ్రాలో దానికి దీటైనది తక్కువ. పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది, కంటికి ఎల్‌వీ ప్రసాద్ శాఖ ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కానీ మీకు అక్కడ ఎవరున్నారు? మీరు రాసినదాంట్లో సముద్రం తప్ప ఒక్క మనిషి పేరు కూడా లేదు. ఆర్‌కే బీచ్ మీద మోజు ఆరు నెలలు ఉంటుంది. పైగా ఆ ఊళ్లో చాలా కాలనీలు కొండ వాలు మీదే, కొనేటప్పుడు కారులో వెళతాం కాబట్టి ఎత్తు తెలియదు, కూరల సంచీతో నడిచి ఎక్కితే తెలుస్తుంది. పోర్టు వైపు ఇళ్లలో కిటికీ గట్టు మీద నల్ల దుమ్ము వేలితో తీసి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా బావమరిది వాళ్లకి కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది, ఆరో అంతస్తుకి బకెట్లతో నీళ్లు మోసుకున్నారు. అక్కడే కొంటే మూడో అంతస్తు దాటకండి.

సీనియర్ లివింగ్ గురించి మనవాళ్లలో ఒక చిన్నచూపు ఉంది, వృద్ధాశ్రమం అనుకుంటారు. నాకు అలాంటిదేమీ లేదు. కోయంబత్తూరులో మా స్నేహితుడు ఒకాయన అలాంటిచోటే ఉన్నాడు, హాయిగా ఉన్నాడు, సాంబారు తియ్యగా ఉంటుందన్నదొక్కటే ఆయన బాధ. అయితే మీరు చూస్తున్నది ఇంకా కడుతున్నారు, అదీ నా అభ్యంతరం. అరవై ఏళ్లకి కొని, కట్టడం ఆలస్యమై అరవై అయిదుకి చేరడం మనకు కలిసిరాదు. ఇప్పటికే మనుషులు కాపురం ఉంటున్నవే చూడండి. బ్రోషరు పక్కన పెట్టి సాయంత్రం ఏడుకి వెళ్లి ఎన్ని కిటికీల్లో లైటు వెలుగుతోందో లెక్కపెట్టండి. భోజనాల హాల్లో డబ్బిచ్చి ఒకపూట తినండి, అక్కడ తినేవాళ్లే నిజం చెబుతారు. మీరు కట్టేది కొనుగోలా, లేక ఉన్నన్నాళ్లు ఉండే హక్కుకి డిపాజిట్టా అన్నది కాగితం మీద చూడాలి, మొదటిదైతే రిజిస్ట్రేషన్ ఉంటుంది, రెండోదైతే వెళ్లిపోయేటప్పుడు ఎంత కోస్తారో, ఎన్నాళ్లకి ఇస్తారో ఉండాలి. నెలవారీ ఖర్చు ఏటా ఎంత పెంచుతారు? మళ్లీ అమ్మాలంటే ఫలానా వయసు దాటినవాళ్లకే అమ్మాలనే షరతు ఉందా? ఉంటే మీ పిల్లలకి అది అమ్ముడుపోని సరుకు. అన్నిటికంటే ముఖ్యం, మంచం పడితే ఉంచుకుంటారా, పంపించేస్తారా. ఇది చాలామంది అడగరు, "నర్సు ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది" అనగానే తృప్తిపడిపోతారు. నర్సు ఉండటం వేరు, ఆరు నెలలు డైపర్ మార్చడం వేరు. రెరాలో, అంటే ఇళ్ల ప్రాజెక్టులని నియంత్రించే ప్రభుత్వ సంస్థ దగ్గర, నమోదైందో లేదో మీరే ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఇలాంటి రిటైర్మెంట్ ఇళ్ల కోసం కేంద్రం 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది, చేరేముందు వాటిని చదివి, దాని ప్రకారం ఏం ఇస్తున్నారో వాళ్లని అడగండి, ముఖం చూస్తేనే సగం తెలుస్తుంది.

ఆసుపత్రి సంగతి. "పది నిమిషాల్లో ఆసుపత్రి ఉంది" అనే మాటని నమ్మకండి. చిన్న టౌన్లలో బోర్డు మీద కార్డియాలజిస్ట్ అని ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో "ప్రతి ఆదివారం" అని ఉంటుంది. మీరు అడగాల్సింది, యాంజియో చేసే డాక్టరు రాత్రి ఏ ఊళ్లో పడుకుంటాడు? రాత్రి రెండింటికి సీటీ స్కాన్ తీస్తారా? పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, దానికి ముందు స్కాన్ తప్పనిసరి, కాబట్టి ఈ రెండూ ఉన్న ఊరు మీ ఇంటికి ముప్పావు గంట దాటకూడదు. మీ హెల్త్ పాలసీకి ఆ ఊళ్లో క్యాష్‌లెస్ ఆసుపత్రులు ఏవో ఊరు మారకముందే చూసుకోండి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఒక్కటే ఉంటే రిటైరయ్యాక అది చాలాచోట్ల పోతుంది, ఇప్పుడే సొంతది తీసుకోండి. అప్పటికే ఉన్న జబ్బులకి పాలసీ డబ్బివ్వని వెయిటింగ్ మూడేళ్ల దాకా ఉండొచ్చు, ఆ గడియారం ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. కొత్త పాలసీకి అరవై అయిదేళ్ల వయోపరిమితి 2024లో తీసేశారు, కానీ ప్రీమియం చూస్తే కళ్లు తిరుగుతాయి.

డబ్బు. ఎనభైలో ఇంటికి నలభై దాటనివ్వకండి, వీలైతే ఒక్క రూపాయి కూడా పెట్టకండి, మీకు ఇల్లు ఉంది కదా. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒక్కొక్కరికి 30 లక్షల దాకా వేసుకోవచ్చు, నేను వేసినప్పుడు వడ్డీ 8.2 శాతం, 30 లక్షలకి మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. మీ ఆవిడకి అరవై నిండాక ఆవిడ పేరున విడిగా ఒకటి. ఆవిడ పేరున, ఆవిడ ఫోన్ నంబరుతో, ఆవిడే ఏటీఎం వాడుతూ. ముప్పై నాలుగేళ్లు కౌంటర్ దగ్గర కూర్చున్నవాణ్ణి, భర్త పోయిన నెలకి పాస్‌బుక్కుల కట్ట తెచ్చి "ఇందులో ఏముందో చూసి చెప్పండి బాబూ" అనే ఆడవాళ్లని ఎంతమందిని చూశానో లెక్కలేదు.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ చెబుతున్నాను. మియాపూర్ ఫ్లాట్ అబ్బాయి పేరున రాసేద్దామనుకుంటున్నామని మధ్యలో అన్నారు. వద్దు. వీలునామా రాయండి, చాలు. తప్పక గిఫ్ట్ డీడే చేయాలంటే, మమ్మల్ని చూసుకోవాలనే షరతు అందులో స్పష్టంగా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షను కింద, చూడకపోతే ఆ డీడ్ రద్దు చేయించుకునే వీలుంది, కానీ ఆ షరతు రాయని కేసులు కోర్టుల్లో నలిగాయి. అబ్బాయి మంచివాడే అయ్యుంటాడు, రాతకి అతని మంచితనంతో పని లేదు.

మరి ఏం చేయమంటారు అంటే, నేనైతే ఇలా చేస్తాను. మియాపూర్ ఫ్లాట్ అమ్మను. లిఫ్టు ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే అదే చుట్టుపక్కల గ్రౌండ్ ఫ్లోర్‌కో, లిఫ్టు ఉన్నదానికో మారడం కూడా ఒక దారి, పైగా అక్కడ మీ ఆవిడకి పదిహేనేళ్ల స్నేహాలున్నాయి, భజన బృందం ఉంది, కారు లేకపోయినా మెట్రో ఎక్కి ఎల్బీనగర్ దాకా ఒక్కతే వెళ్లి రాగలదు. ఇది చిన్న విషయం అనుకోకండి, మీ మూడు చోట్లలో ఎక్కడా లేని సుఖం ఇది. రిటైరయ్యాక ఫ్లాట్ పదకొండు నెలలకి అద్దెకిచ్చి, తెనాలి టౌన్లో పదకొండు నెలలకి అద్దెకి దిగండి. కారు హైదరాబాద్‌లోనే వదిలి వెళ్లండి, ఆటోల మీదే బతికి చూడాలి. ఏప్రిల్లో దిగితే మే నెల ఎండ, ఆగస్టు ఉక్క, సెప్టెంబరు వాన అన్నీ ఆ ఏడాదిలోనే తెలుస్తాయి, సంక్రాంతికి చూసి మురిసిపోయి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లంతా నాలాగే అయ్యారు. మధ్యలో మీరు ఒక పదిహేను రోజులు కావాలని పుణె వెళ్లి రండి, ఆవిడని ఒక్కదాన్నే తెనాలిలో ఉంచి. గ్యాస్ అయిపోతే ఏం చేసింది, జ్వరం వస్తే ఎవరిని పిలిచింది, సాయంత్రాలు ఎవరితో కూర్చుంది, తిరిగొచ్చాక అడగండి. ఆవిడ ముగ్గురి పేర్లు చెప్పగలిగితే తెనాలిలో ఇల్లు చూడటం మొదలుపెట్టండి. చెప్పలేకపోతే సామాను సర్దుకుని మియాపూర్ వచ్చేయండి, పోయేది లారీ కిరాయి.

తెనాలిలో అద్దెకి చూసేటప్పుడు బాత్రూం గడప ఎత్తు కొలవండి, గోడకి పట్టుకునే కడ్డీ వేయించుకోవడానికి ఓనరు ఒప్పుకుంటాడో లేదో ముందే అడగండి. గేటుకి తాళం ఒక్కటి చాలు.